పెరుగన్నం దాటని పిల్లాడు

ఆటిజం ఉన్న పిల్లల్లో విటమిన్ల లోపం ఎక్కువని తరచూ వింటుంటాం. వినగానే మందుల షాపుకు పరుగెడతాం. అంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది... పిల్లాడి పళ్లెం!

ఉదయం ఎనిమిది గంటలు. తిరువూరులో ఓ ఇల్లు. స్టీలు గిన్నెలో మెత్తగా పిసికిన పెరుగన్నం. పోపు లేదు. కరివేపాకు లేదు. అల్లం ముక్క అసలే లేదు. ఆరేళ్ల పిల్లాడు గిన్నెలోకి ఒకసారి తేరిపార చూశాడు. తెలుపు తప్ప ఇంకో రంగు లేదని నమ్మకం కుదిరాకే నోరు తెరిచాడు. రాత్రీ ఇదే తిన్నాడు. నిన్న మధ్యాహ్నమూ ఇదే. మధ్యలో ఒకే రకం బిస్కట్లు, అవీ ఆ పసుపుపచ్చ కాగితంలోంచి తీసిస్తేనే. ఏడాదిన్నరగా ఇదే వరస.

మొన్నొకరోజు వాళ్లమ్మ ధైర్యం చేసి చెంచాడు పప్పు కలిపింది. గిన్నె వెళ్లి గోడకు తగిలింది. ‘ఒక పూట పస్తు పెట్టి చూడమ్మాయ్. ఆకలేస్తే వాడే తింటాడు’ అంది నానమ్మ. అదీ చూశారు. సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. దీపాలు పెట్టే వేళకు మళ్లీ పెరుగన్నమే కలిపింది తల్లి, కళ్లొత్తుకుంటూ.

ఈ ఇంటికి పేరక్కర్లేదు. తిరువూరులోనే కాదు, తెనాలిలోనైనా టెక్సాస్‌లోనైనా ఆటిజం ఉన్న పిల్లలున్న ఎన్నో ఇళ్లలో వంటగది కథ ఇదే. ఒకచోట పెరుగన్నం అయితే మరోచోట నూడుల్స్. ఒకరికి దోసె తప్ప గిట్టదు. ఇంకొకరికి కరకరలాడేవే కావాలి. పదార్థం మారుతుంది, పట్టుదల మారదు.

ఆ పట్టుదల వెనుక ఏముంది? దానివల్ల ఒంట్లో ఏం తగ్గుతుంది? తగ్గినదాన్ని నింపడం ఎలా? ఈ మూడూ తెలిస్తే సగం భయం తీరుతుంది. అనవసరపు ఖర్చూ తగ్గుతుంది.

మొండితనం కాదు!

ఆటిజం గురించి వైద్యలోకం మొదట విన్నది 1943లో. అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాశారు. మాట, చూపు, ఒంటరితనం... వీటితోపాటు వారిలో చాలామందికి పసితనం నుంచే తిండితో ఇబ్బంది ఉందని కూడా ఆయన ఆ వ్యాసంలోనే గమనించారు. అంటే తిండి పేచీ ఈమధ్య కొత్తగా కనిపెట్టింది కాదు, మొదటి నుంచీ ఉన్నదే.

ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి తిండి విషయంలో అసాధారణమైన అలవాట్లు ఉన్నాయని 2019లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. మామూలు పిల్లల్లో అది 5 శాతం లోపే. అంతకు ముందు 2013లో అనేక పరిశోధనలను కలిపి లెక్కకట్టినప్పుడు, తిండి సమస్యలు ఈ పిల్లల్లో ఐదురెట్లు ఎక్కువని తేలింది. వారికి కాల్షియం, మాంసకృత్తులు తక్కువగా అందుతున్నాయనీ బయటపడింది.

కారణం? మనకు పోపు వాసన ఆకలి పుట్టిస్తుంది. అదే వాసన ఈ పిల్లల్లో కొందరికి ముక్కులో కారం కొట్టినట్టు ఉంటుంది. వంకాయ కూరలో మెత్తటి గుజ్జు, మధ్యలో గింజ, పైన తొక్క... మూడు రకాల స్పర్శలు ఒకే ముద్దలో. నాలుక ఏది ముందు పట్టించుకోవాలో తెలియక గాభరాపడుతుంది. తెల్లటి పెరుగన్నం అలా కాదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఏ ముద్దలోనూ మిరపకాయ ఎదురుకాదు. అందుకే అది వాడికి నమ్మకమైన నేస్తం.

దీనికి తోడు మలబద్ధకం, ఛాతీలో మంట, పంటి నొప్పి లాంటివి ఉంటే తిండంటేనే భయం పడుతుంది. కడుపు నొప్పి అని చెప్పే మాట రాని పిల్లాడు పళ్లెం తోసెయ్యడం ద్వారానే ఆ సంగతి చెబుతాడు. కాబట్టి ‘మారాం చేస్తున్నాడు’ అనుకునే ముందు ఒకసారి పళ్లూ పొట్టా చూపించడం మంచిది.

పళ్లెం చెప్పే లెక్క

‘ఆటిజం ఉంది కాబట్టి ఫలానా విటమిన్ తక్కువ’ అని కళ్లు మూసుకుని చెప్పడానికి లేదు. ఏ పిల్లాడికి ఏది తక్కువన్నది వాడు ఏది తింటున్నాడు, ఏది మానేశాడు అన్నదాన్ని బట్టే ఉంటుంది. మన తిరువూరు పిల్లాడి పళ్లెమే తీసుకుందాం.

రోజంతా కలిపి 300 గ్రాముల పెరుగు తింటున్నాడనుకుంటే సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం అందుతుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాములు కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అంటే ఈ ఖాతాలో మరీ పెద్ద లోటు లేదు. పెరుగులో మాంసకృత్తులున్నాయి, బి12 ఉంది. తల్లి ఊరట పడాల్సిన సంగతులివి.

ఇప్పుడు రెండో వైపు. అదే వయసుకు రోజుకు 35 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. పెరుగన్నంలో అది దాదాపు సున్నా. బిస్కట్లలోనూ లేదు. ఓ చిన్న జామకాయలో సగం తింటే తీరిపోయే అవసరం, ఏడాదిన్నరగా తీరడం లేదు! ఐరన్ 11 మిల్లీగ్రాములు కావాలి. పాలూ పెరుగులో ఐరన్ నామమాత్రం. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలోనూ అంతే. పైగా పాల పదార్థాలతోనే పొట్ట నిండిపోతే ఐరన్ ఉన్న పదార్థాలకు చోటే మిగలదు. విటమిన్ ఎ కొంత వెన్నలో ఉంటుంది, వెన్న తీసిన పాలతో తోడుపెడితే అదీ తగ్గుతుంది. ఆకుకూర లేదు, క్యారెట్ లేదు, మామిడిపండు లేదు. నూజివీడు రసాలు పండే సీమ పక్కనే ఉండి కూడా!

ఇక డి విటమిన్. అది పళ్లెంలో కన్నా ఎక్కువగా ఎండలో దొరుకుతుంది. బయటి గోలకు భయపడి, కొత్త మనుషులను చూసి బెదిరి గడప దాటని పిల్లాడికి ఎండ ఎలా తగులుతుంది?

పక్కింటి పిల్లాడు పాలు అసలు ముట్టకుండా చిప్స్, దోసె మీదే బతుకుతుంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ మొదట చూడాల్సింది కాల్షియం, డి విటమిన్. గుడ్డూ మాంసమూ లేని ఇంట్లో పాలూ మానేస్తే బి12. కాబట్టి ఒకరి పిల్లాడికి రాసిన మందు మరొకరి పిల్లాడికి పనికిరాదు. పది రోజుల పాటు పిల్లాడు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో నోటు పుస్తకంలో రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. చాలా సందేహాలకు ఆ కాగితమే జవాబు చెబుతుంది.

చెప్పలేని నొప్పి

లోపం అంటే ఏదో కాస్త నీరసం అనుకుంటాం. అంతటితో ఆగకపోవచ్చు.

నిన్నటిదాకా ఇల్లంతా పరుగులు పెట్టిన పిల్లాడు ఉన్నట్టుండి కుంటడం మొదలుపెడతాడు. కొద్దిరోజులకు నడవనంటాడు. ఎత్తుకోబోతే కేకలు. కాళ్లు ముట్టుకోనివ్వడు. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, ఎముకల డాక్టర్లు, చివరికి క్యాన్సరేమోనన్న అనుమానంతో మరికొన్ని పరీక్షలు. తీరా చూస్తే అది స్కర్వీ. విటమిన్ సి లేక వచ్చే జబ్బు. ఒకప్పుడు నెలల తరబడి సముద్రం మీద ఉండే ఓడ కళాసీలకు వచ్చేది. ఇప్పుడు ఏ లోటూ లేని ఇళ్లలో, ఆటిజం వల్ల రెండు మూడు పదార్థాలకే పరిమితమైన పిల్లల్లో కనిపిస్తోందని వివిధ దేశాల వైద్య పత్రికలు పదేపదే రాస్తున్నాయి.

విటమిన్ సి పూర్తిగా అందకపోతే మూడు నెలల్లోపే లక్షణాలు బయటపడవచ్చు. చిగుళ్లు ఉబ్బడం, వాటినుంచి రక్తం, చర్మం మీద చిన్న ఎర్రచుక్కలు, కాళ్లలో నొప్పి. మామూలు పిల్లాడైతే ‘అమ్మా కాలు నొప్పి’ అంటాడు. ఆ మాట రాని పిల్లాడు నడవడం మానేస్తాడు. దాన్ని ఆటిజం వల్ల వచ్చిన కొత్త అలవాటు అనుకుంటే మోసపోతాం. సంతోషించాల్సిన సంగతి ఒకటే... సరిగ్గా గుర్తిస్తే దీనికి మందు చవక. విటమిన్ సి ఇవ్వడం మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే నొప్పి తగ్గుముఖం పడుతుంది.

విటమిన్ ఎ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అది తగ్గితే రేచీకటి, కంట్లో తడి ఆరిపోవడం, ముదిరితే చూపే పోవడం. ఈ విషయంలో తెలుగునేలకు ఓ చరిత్ర ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనాల ఆధారంగానే 1970లో పిల్లలకు పెద్ద మోతాదులో విటమిన్ ఎ ద్రవం తాగించే కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసు నుంచి ఆర్నెల్లకోసారి రెండు లక్షలు... అలా ఐదేళ్లు నిండేదాకా మొత్తం 9 మోతాదులు.

ఐదేళ్లు నిండాక? మామూలు పిల్లాడు అప్పటికి ఆకుకూర పప్పూ, గుడ్డూ, మామిడిపండూ తినడం నేర్చుకుంటాడు. ఆ చుక్కల అవసరం ఉండదు. మన పిల్లాడి పళ్లెం మాత్రం ఆరో ఏటా తెల్లగానే ఉంది. చుక్కలు ఆగిపోయాయి, ఆకుకూర రాలేదు. పెద్దవాళ్లు కనిపెట్టాల్సిన చోటు అదే. చీకటి పడగానే గుమ్మం తట్టుకుంటున్నాడా? మసక వెలుతురులో బొమ్మ కోసం తడుముకుంటున్నాడా? కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ ఉందా? ఉంటే ఆ వారమే కంటి డాక్టరుకు చూపించాలి.

ఐరన్ తగ్గినప్పుడు గుర్తులు వేరు. ముఖం పాలిపోతుంది. నిద్రలో కాళ్లు కదుపుతూ అటూ ఇటూ దొర్లుతారు. కొందరు పిల్లలు బలపాలు, మట్టి, గోడ సున్నం తింటారు. ‘ఆటిజం పిల్లలు అంతేలే’ అని వదిలేయకుండా ఓసారి రక్తపరీక్ష చేయిస్తే మూలం దొరకవచ్చు. గోడకు వేసిన పాత రంగు పెచ్చులు తింటే సీసం ఒంట్లోకి చేరే ప్రమాదమూ ఉంది.

తప్పు అమ్మది కాదు

‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వు సరిగ్గా తినలేదు. అందుకే వీడిలా...’ ఈ మాట ఎన్ని ఇళ్లలో ఎంతమంది తల్లులు విన్నారో! అత్తింటివారే కాదు, ఒకప్పుడు డాక్టర్లూ అన్నారు. తల్లి మనసులో ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని 1950లు, 60లలో అమెరికాలో పెద్ద పెద్ద వాళ్లే చెప్పారు. ఆ సిద్ధాంతం తప్పని తేలింది. ఆటిజం పుట్టుకతో ముడిపడిన మెదడు ఎదుగుదలలోని తేడా. జన్యువుల పాత్ర అందులో చాలా పెద్దది. 2021లో ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతమంది తల్లులూ తిండి మానేసి కూర్చోలేదు కదా!

పిల్లాడు పళ్లెం తోసేస్తే తల్లి వంట బాగాలేదని కాదు. ముందు ఈ మాట ఇంట్లో అందరూ అనుకోవాలి. ఎందుకంటే అపరాధభావంతో ఉన్న తల్లి ఎవరేం చెప్పినా వింటుంది. ఎంత ఖరీదైనా కొంటుంది. సరిగ్గా అక్కడే కొన్ని వ్యాపారాలు కాచుకుని ఉంటాయి.

సీసాలో దొరుకుతుందా?

విటమిన్లతో ఆటిజమే పోతుందన్న ఆశ పాతదే. అమెరికాలో 1960ల నుంచే విటమిన్ బి6ను పెద్ద మోతాదులో ఇవ్వాలని కొందరు చెప్పారు. దానికి మెగ్నీషియం జోడించారు. ఆ పరిశోధనలన్నింటినీ 2005లో పరిశీలించిన కోక్రేన్ సమీక్ష, సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవంది. తర్వాత వంతు డి విటమిన్‌ది. డి ఇస్తే ఆటిజం లక్షణాలు తగ్గాయంటూ 2016లో ఈజిప్టు నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ప్రపంచమంతా దాన్ని ఉదహరించింది. 2019లో ఆ అధ్యయనాన్ని ప్రచురించిన పత్రికే వెనక్కు తీసుకుంది.

ఇప్పుడు ఫోలేట్ వంతు. అంటే బి విటమిన్లలో ఒకటి. ఈ పేరు వింటే తెలుగువారికి ఒక మహనీయుడు గుర్తుకు రావాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్న తిండి ఒంటికి పట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులు ఇద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆయననూ పీడించింది. అమెరికా వెళ్లిన ఆయన లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ మన గర్భిణులు మింగే ఐరన్ మాత్రలో ఉన్నది అదే.

ఫోలేట్‌కే చెందిన మరో రూపం ల్యూకోవోరిన్. క్యాన్సర్ మందుల దుష్ప్రభావం తగ్గించడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. కొందరు పిల్లల్లో ఫోలేట్ రక్తంలో ఉన్నా మెదడుకు చేరదు. ఆ పరిస్థితికి ఈ మందును అనుమతించే దిశగా అడుగు వేస్తున్నట్టు 2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. అంతే, ‘ఆటిజానికి విటమిన్ దొరికింది’ అన్న ప్రచారం ఫోన్లలో ఊరూరా తిరిగింది. నిజానికి ఆధారంగా ఉన్నవి చిన్న చిన్న అధ్యయనాలే. ఆటిజం ఉన్న పిల్లలందరికీ దీన్ని ఇవ్వాలని పిల్లల వైద్యుల సంఘాలు చెప్పడం లేదు. మందుల షాపులో దొరికే మామూలు ఫోలిక్ యాసిడ్ మాత్ర, ఇదీ ఒకటి కావు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవలసిన మందు కాదిది.

ఇంకో ప్రచారం పాలూ గోధుమలూ మానిపించడం. ఎవరో చెప్పారని తిరువూరు తల్లి పెరుగు ఆపేస్తే ఆ పిల్లాడు ఇంకేం తింటాడు? ఉన్న ఒక్క నేస్తాన్నీ లాగేసినట్టు కాదూ! ఆటిజం ఉన్న మగపిల్లల ఎముకలను పరిశీలించి అమెరికాలో 2008లో వెలువరించిన ఒక అధ్యయనంలో, పాల పదార్థాలు మానిపించిన పిల్లల ఎముకలు మరింత పలచగా ఉన్నట్టు తేలింది. పాలు పడనట్టు పరీక్షలో తేలితే సంగతి వేరు. ఊరికే మానిపించడం మాత్రం మంచిది కాదు.

ఎక్కువైనా ముప్పే. డి విటమిన్ సాషేలు 60 వేల యూనిట్లవి అన్నిచోట్లా దొరుకుతున్నాయి. డాక్టర్లు సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలకు రాస్తారు. బలం కదా అని రోజూ పాలల్లో కలిపిస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీలకు దెబ్బ. విటమిన్ ఎ ఎక్కువైతే తలనొప్పి, కాలేయానికి హాని. నీళ్లలో కరిగే సి, బి విటమిన్లు మిగిలితే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి అలా కాదు, ఒంట్లోనే నిల్వ ఉండిపోతాయి.

లోపం ఉందని పరీక్షలో తేలితే ఆ విటమిన్ ఇవ్వాల్సిందే. దానివల్ల పిల్లాడి నొప్పి తగ్గుతుంది, నిద్ర కుదురుతుంది, చూపు నిలుస్తుంది, ఎముక గట్టిపడుతుంది. హాయిగా ఉన్న పిల్లాడు నలుగురిలో కూర్చుంటాడు, నేర్పింది నేర్చుకుంటాడు. ఆటిజం మాత్రం ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే నిరాశ తప్పుతుంది.

తెలుపు మెట్ల మీదుగా...

మరి పళ్లెం పెరిగేదెలా? ఒక్కసారిగా గోంగూర పప్పు దగ్గరికి దూకించలేం. మెట్టు మెట్టుగా ఎక్కించాలి. వాడికి నచ్చిన పదార్థంలోనే మొదటి మెట్టు ఉంటుంది.

పిల్లాడికి తెలుపు ఇష్టం, మెత్తదనం ఇష్టం. అలాంటివి మన వంటగదిలో ఇంకేమున్నాయి? ఇడ్లీ తెలుపే, అందులో మినప్పప్పు ఉంది. ఉడికించి మెత్తగా మెదిపిన బంగాళాదుంప ఉంది. గుడ్డు తెల్లసొన ఉంది. గింజ తీసిన సీతాఫలం గుజ్జు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా తెల్ల జామకాయ ఉంది. గింజలు రాకుండా వడకట్టిన జామ గుజ్జు చూడటానికి పెరుగులాగే ఉంటుంది, విటమిన్ సి మాత్రం దండిగా ఉంటుంది! తెలుపు అలవాటయ్యాక లేత పసుపు... పండిన అరటి, మెత్తటి పెసరకట్టు. వేసవిలో చిన్నరసం పిండిన చుక్క. ఆ తర్వాత గోధుమ రంగు. అంబలిలో మజ్జిగ కలుపుకోవడం మన పల్లెల్లో తాతల నాటి అలవాటే కదా. పెరుగు రుచి తెలిసిన నాలుకకు రాగిజావ మరీ పరాయిది కాదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములు దాటదు.

కొత్త పదార్థాన్ని ఒక్క మెతుకంత, పక్కన వేరే చిన్న పళ్లెంలో పెట్టాలి. తినమని అడగకూడదు. ఇవాళ చూస్తాడు. రేపు వేలితో పొడుస్తాడు. ఎల్లుండి వాసన చూస్తాడు. ఏ పిల్లలకైనా కొత్త రుచి అలవాటవడానికి పది పదిహేనుసార్లు ఎదురుపడాలి. ఈ పిల్లలకు ఇంకా ఎక్కువసార్లు కావాలి. మూడోరోజే విసుగుపడితే లాభం లేదు.

చేయకూడనివీ ఉన్నాయి. వాడు నమ్మిన పెరుగన్నంలో గుట్టుగా టానిక్కు కలపొద్దు. ఒక్కసారి తేడా పసిగడితే ఆ పెరుగన్నమూ పోతుంది. అప్పుడిక మిగిలేది బిస్కట్టే. మందు ఇవ్వాల్సి వస్తే విడిగా, రోజూ ఒకే చెంచాతో, ఒకే వేళకు ఇవ్వండి. పసిపిల్లకు ఉగ్గు పోసినట్టు కాళ్ల మీద పడుకోబెట్టి ముక్కు మూసి పోయొద్దు. పొరమారితే ప్రాణాపాయం. పస్తు పెట్టే పద్ధతీ వద్దు. ‘ఆకలేస్తే వాడే తింటాడు’ అన్నది మామూలు పిల్లల దగ్గర పారుతుందేమో కానీ, ఇక్కడ మాత్రం కుదరదు.

రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి. మధ్యమధ్యలో బిస్కట్లూ పాలూ పోసి ఆకలి చంపకుండా రెండు రెండున్నర గంటల ఎడం. మిక్సీ మోతా, టీవీ గోలా లేని వేళ. నలుగురూ కలిసి కూర్చుని తింటుంటే చూసి నేర్చుకునేదే ఎక్కువ. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టిన రోజుల స్థానంలో ఇప్పుడు ఫోన్ వచ్చింది. ఫోన్ చూస్తూ మింగే పిల్లాడికి తానేం తిన్నాడో తెలియదు. రుచి తెలియనిది అలవాటు ఎలా అవుతుంది? మెల్లగా తగ్గించండి.

బడి సంగతీ మరవొద్దు. మధ్యాహ్న భోజనం వేళ పళ్లేల చప్పుడు, సాంబారు వాసన, వందమంది కేకలు... వాడికి అదో జాతర. తరగతి గదిలోనే ఓ మూల కూర్చుని తినే వీలు కల్పించమని టీచరును అడగడంలో తప్పులేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. పిల్లాడికి తగిన వసతి కోరడం హక్కు.

ఎవరిని కలవాలి?

తిరువూరు లాంటి ఊళ్ల వాళ్లకు ప్రత్యేక వైద్యం అంటే మైలవరం మీదుగా విజయవాడ బస్సు ఎక్కడమే. రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది. బస్సులో పిల్లాడి ఏడుపు, తోటి ప్రయాణికుల చూపులు అదనం. అందుకే ఊళ్లో అయ్యే పనులు ఊళ్లోనే ముగించుకోవడం మేలు. హిమోగ్లోబిన్ పరీక్ష, బరువు, ఎత్తు, పంటి పరీక్ష దగ్గర్లోనే చేయించవచ్చు. బడికీ అంగన్‌వాడీకీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి ఎదుగుదల లోపాలను గుర్తించి పెద్దాసుపత్రులకు పంపుతున్నాయి. సమగ్ర శిక్షా కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల గురించి బడిలో వాకబు చేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మానసిక దివ్యాంగుల సాధికారత సంస్థ తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు. దేశమంతా ఆటిజాన్ని కొలిచేందుకు వాడే భారతీయ కొలమానం తయారైంది అక్కడే.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పది రోజుల తిండి పుస్తకం వెంట ఉండాలి. హిమోగ్లోబిన్‌తోపాటు ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్, విటమిన్ డి, అవసరాన్ని బట్టి బి12... వీటిలో మా పిల్లాడికి ఏవి అవసరమని అడగండి. అన్నీ చేయించాలనేం లేదు. నమలడం, మింగడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్టు, వాసన స్పర్శల బెదురుంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయపడతారు.

వెంటనే వెళ్లాల్సినవి ఇవీ: నడక మానేయడం, చిగుళ్ల నుంచి రక్తం, మసక వెలుతురులో తడబాటు, బరువు తగ్గడం, తినే రెండు మూడు పదార్థాల్లో ఒకటి కొత్తగా మానేయడం.

తిరువూరు ఇంట్లో మళ్లీ ఉదయం ఎనిమిదయింది. స్టీలు గిన్నెలో పెరుగన్నం. పక్కన చిన్న పళ్లెంలో మెతుకంత జామ గుజ్జు. నానమ్మే గింజలు రాకుండా వడకట్టింది. పిల్లాడు దాన్ని చూశాడు. వేలితో ఒకసారి పొడిచాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత చొక్కాకు తుడిచేసుకుని పెరుగన్నం తినడం మొదలుపెట్టాడు.

‘ఇవాళ విసిరికొట్టలేదు అత్తయ్యా’ అంది తల్లి.

‘రేపు మళ్లీ పెట్టమ్మాయ్’ అంది నానమ్మ.